కళ్లు మూసుకుని చేసిన ప్రమాణం

టైలరమ్మ వేళ్లు ఇంకా గుమ్మం మీదే ఉండగా ఆమె వదిన, అప్పుల గ్రూపు లీడరు, తలుపు బలంగా లాగేసింది. ఎముకలు పటపటమన్నాయి. బయటికి పారిపోబోయిన మనిషి అరుస్తూ తన కుట్టుమిషను పక్కనే కూలబడింది. వదిన గడియ పెట్టింది.

"కుట్టే చెయ్యి విరగ్గొట్టావు, ఇక వాయిదాలు నువ్వు కడతావా లీడరమ్మా?" అంది పాలావిడ. 

గ్రూపులో ఒకరు బాకీపడితే పదిమందీ కట్టాలి. కట్టేదాకా ఎవరికీ కొత్త అప్పు రాదు, ఎవరూ గది దాటరు. టైలరమ్మ పేరు మీద కట్టని రెండో అప్పు తేలింది. ఆ బాకీ కింద ఈరోజు ఆమె మిషను పోతుంది.

"నేను తీసుకోలేదు. ఆ డబ్బు పంచిన రోజు ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నా."

"మరి కలెక్షన్ సారు నీ పేరు పిలిస్తే పలికిందెవరే, దయ్యమా?" వదిన ఆమె జుట్టు పట్టి నేలకు కొట్టింది. టైలరమ్మ భర్తకు వదిన స్వయానా అక్క. "మా తమ్ముడి పరువు తీస్తావా? మిషను లాగండే!"

ఆ పలుకు అందరూ విన్నారు. కానీ డబ్బు పంచేముందు అందరూ కళ్లు మూసుకుని, ఒకరి బాకీ అందరి బాకీ అని ప్రమాణం చేస్తారు. పేర్లు పిలిచేదీ అప్పుడే. రానివాళ్ల బదులు పక్కవాళ్లు పలకడం మామూలే. అందుకే ఆరోజు ఎవరు పలికారో కళ్లు తెరిచి చూసిన ఆడది లేదు.

ఇద్దరు మిషను ఎత్తారు. టైలరమ్మ ఎడంచేత్తో కత్తెర అందుకుని, మూలన హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్న కలెక్షన్ కుర్రాడి మీదికి దూకింది. మొన సరిగ్గా గొంతు మీద ఆగింది. సన్నగా నెత్తురు చిమ్మింది.

"మేం కళ్లు మూసుకున్నాం సారూ. మీరు మూసుకోలేదుగా?"

"అప్పుడే కొత్తగా చేరానమ్మా... మొహం ఫొటోతో సరిచూడకుండానే డబ్బు ఇచ్చేశా. ఎవరికిచ్చానో చెబితే ఉద్యోగం పోతుంది."

"పీక తెగాక ఉద్యోగం ఎవరు చేస్తారు బాబూ?" అంది పాలావిడ.

అతను నోరు తెరిచేలోపే మిషను పక్కనున్న టైలరమ్మ ఇస్త్రీపెట్టె గాల్లోకి లేచింది. అతని నుదురు చిట్లింది. హెల్మెట్ దొర్లిపోయింది. విసిరింది వదిన.

పాలావిడ ఆమె చేతులు వెనక్కి విరిచి గోడకు గుద్దింది. "మీ మరదలిని కొట్టావు, సరే. సారునెందుకు కొట్టావే?"

మిషను ఎత్తినవాళ్లు దాన్ని కింద పెట్టేశారు. టైలరమ్మ కత్తెర దించలేదు.

"చెప్పండి సారూ. నా పేరుకు పలికి డబ్బు పట్టుకెళ్లిందెవరు?"

కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ అతను గోడవైపు చెయ్యి చాపాడు.

"మీ వదినే అమ్మా. మీ లీడరే."