గీతలాయన

మాది చిరునామాల వ్యాపారం. ఇళ్లవి కావు, ఇంటర్నెట్‌లో యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే అంకెలవి. పాత రకం అంకెలు ఎప్పుడో అయిపోయాయి, కొత్తగా పుట్టవు. ఎవరి దగ్గరైనా వాడనివి ఉంటే కట్టగా కొని, అవసరమున్నవాళ్లకు అమ్ముతాం. బేరం నాది, పరిశీలన మా వదినది. ఒక గది, రెండు కుర్చీలు, గుమ్మం పక్కన గోడకు ఫోను. ఇద్దరికీ ఇదే ఆధారం.

ఆ వారం ఓ పెద్ద కట్ట చవగ్గా వచ్చింది. ఎందుకు చవకో తెలిసేదాకా నేను సంతకం పెట్టను. ఏ అంకెలు ఎవరి పేరున ఉన్నాయో నమోదయ్యే రిజిస్ట్రీ వివరాలన్నీ వదిన గ్రాఫ్ డేటాబేస్‌లోకి ఎక్కించింది. అందులో కంపెనీలు, మనుషులు చుక్కలు. వాళ్ల మధ్య సంబంధాలు గీతలు.

“ఇటు చూడు మరిదీ,” అంది.

ఆ కట్ట ఇన్నాళ్లూ మారిన చేతులన్నీ తెరమీద పరుచుకున్నాయి. అన్నీ మూతబడ్డ కంపెనీలే. అన్నింటి గీతలూ ఒకే మనిషి దగ్గరికి పోతున్నాయి. సంప్రదించవలసిన వ్యక్తిగా ప్రతిచోటా ఆయన పేరే.

“చచ్చిన గొడ్డు మీద రాబందు. మన రంగంలో మామూలేగా.”

“తేదీలు చూసి మాట్లాడు. గొడ్డు మేస్తుండగానే వాలాడు. ప్రతిచోటా.”

అక్కడున్న నంబరుకు ఫోను చేశాను. వెంటనే ఎత్తాడు.

“చెప్పండి బాబూ.”

“ఆ కంపెనీలవాళ్లంతా ఏమయ్యారండీ?”

“వెళ్లిపోయారండి. ఫోనెత్తడానికి ఒకడుండాలి కదా, నేనున్నాను.”

“మీకు జీతం ఎవరిస్తున్నారు?”

“జీతమెందుకండీ. కూర్చోడానికి చోటుంటే చాలు.”

జీతమడగని మనిషికి చివరికి ఎంత పడుతుందో నాకు లెక్క తేలలేదు. తేలని ఖర్చు నెత్తికెత్తుకోను. బేరం వదిలేశాం.

మర్నాడు వదిన తాజా వివరాలు ఎక్కించి, తెర నావైపు తిప్పింది. మా కంపెనీ చుక్క నుంచి ఓ కొత్త గీత. దాని చివర ఆయనే.

“రిజిస్ట్రీలో మార్చింది మన పాస్‌వర్డుతోనే,” అంది. “నేనైతే కాదు.”

“నాకు ఆ పాస్‌వర్డు ఎప్పుడు గుర్తుంది గనక. తీసెయ్ వదినా.”

రిజిస్ట్రీలో ఆయన పేరు తీసేసింది. పోయింది. పేజీ మళ్లీ తెరిస్తే ఉంది.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో సన్నటి పెద్దమనిషి, చంకలో కుర్చీలో వేసుకునే పాత దిండు.

“ఎక్కడ కూర్చోమంటారు బాబూ?” అన్నాడు. ఫోనులో విన్న గొంతే.

“చోటు లేదయ్యా. ఉన్నవి రెండే కుర్చీలు.”

“పర్లేదండి. ఖాళీ అయ్యేదాకా నిలబడతాను.”

గోడకు ఆనుకున్నాడు. వదిన రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది. నేనూ కదల్లేదు. ఆయనకేం తొందర లేదు. దిండు మీది దుమ్ము దులుపుకుంటున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. అందుకోవాలంటే మాలో ఒకరు లేవాలి. ఆయన చెయ్యి చాపితే చాలు.

“ఎత్తమంటారా?” అన్నాడు.