ఇవ్వని నీళ్ళు

ఒలీవా ఊరి సైకిల్ సంఘంలో ఒక రివాజు ఉంది. ప్రతి శనివారం సముద్రం పక్కన చదును రోడ్డు మీద అందరూ కబుర్లాడుకుంటూ కలిసే తొక్కుతారు. కొండ మొదలయ్యాక మాత్రం ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. పైన హోటల్లో పొడుగాటి బల్ల మీద వేరుశెనక్కాయలు, ఆలివ్ కాయలు ముందే పెట్టి ఉంటాయి. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చుంటాడు. అందరికన్నా చివర వచ్చినవాడికి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు రెండేళ్ళు వరసగా తిన్నవాడు మూడో ఏడు కారులో వస్తాడు, ఆ తర్వాత అసలు రాడు. వెళ్ళిపొమ్మని ఎవరూ అనరు. మనిషే సిగ్గుపడి తప్పుకుంటాడు.

నిరుడు చాలా వారాలు గాస్పర్ ఆ చప్పట్లు తిన్నాడు. నారింజల గిడ్డంగిలో పెట్టెలు మోసి మోసి రిటైరైన మనిషి. పెళ్ళీ పెటాకులూ లేవు. శనివారం తప్పిస్తే వారమంతా అతను నోరు విప్పేది రొట్టెల కొట్లోనే, అదీ "ఒకటి చాలు" అనడానికి. మాట్లాడక మాట్లాడక శుక్రవారానికి గొంతు బొంగురుపోయేది. అలాంటివాడికి శనివారం బల్ల కూడా పోతే ఇంకేం మిగులుతుంది? ఆ ఆలోచనకే అతనికి చలికాలమంతా నిద్ర పట్టలేదు.

అందుకని ఎవరికీ చెప్పకుండా వలెన్సియా పట్నం వెళ్ళి, సైకిలు సీటు కింది గొట్టంలో చిన్న మోటారు, హ్యాండిల్ మీద దాని బొత్తాం పెట్టించుకొచ్చాడు. దాని బ్యాటరీ అచ్చం నీళ్ళ సీసాలా ఉంటుంది. పాత సైకిలు కావడంతో సీసా పెట్టే చోటు ఒక్కటే. అక్కడ బ్యాటరీ కూర్చుంది, ఇక నీళ్ళకు చోటేదీ? బయల్దేరే ముందే కడుపు నిండా తాగేశాడు మహానుభావుడు. ఫలితంగా దేనియా ఊరు చేరేలోపే రెండుసార్లు చెట్ల చాటుకు పరుగెత్తాల్సి వచ్చింది.

"ఏరా, ఈ రోడ్డు పక్క చెట్లన్నిటికీ నువ్వే నీళ్ళు పోస్తున్నావా?" అన్నాడు సెంతో.

సెంతో తాపీ మేస్త్రీ. ముప్పయ్యేళ్ళుగా గాస్పర్ పక్కనే తొక్కుతున్నాడు. నిరుడు ఆ చప్పట్లు గాస్పర్ తినని వారం సెంతో తిన్నాడు. గాస్పర్ నవ్వేశాడు. సముద్రం మీంచి వచ్చే గాలి ఎదురు కొడుతోంది. తోటల నిండా నారింజ పూలు, రోడ్డంతా ఆ వాసనే. మామూలు రోజైతే సెంతో ఆ గాలిని నాలుగు తిట్లు తిట్టి, పోయినవారం చెప్పిన కథే మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ రోజెందుకో ఊరకే తొక్కుతున్నాడు. గాస్పర్‌కి తన సీసా గొడవే సరిపోయింది, ఆ మౌనం సంగతి పట్టించుకోలేదు.

దేనియా దాటాక కొండ మొదలైంది. కుర్రాళ్ళు మలుపు తిరిగి మాయమయ్యారు. వెనక వీళ్ళిద్దరే మిగిలారు. కింద సముద్రం దూరమవుతోంది. సగం ఎక్కాక సెంతో ఆయాసపడుతూ అడిగాడు.

"ఒరే, కాస్త నీళ్ళివ్వు. నావి అయిపోయాయి."

సైకిలు తొక్కేవాళ్ళలో అడిగినవాడికి నీళ్ళివ్వకపోవడమన్నది లేదు. మాటల్లేనివాళ్ళు కూడా ఇచ్చుకుంటారు. గాస్పర్ సైకిలు కాస్త పక్కకు జరిపాడు.

"నాదీ ఖాళీయేరా."

"పొద్దుట్నుంచీ ఒక్క గుక్క తాగలేదు నువ్వు. ఖాళీ ఎట్లా అవుద్ది?"

"నిన్నటి నీళ్ళురా. కంపు కొడుతున్నాయి."

"కొడితే కొట్టనీ. ఒక్క నిమిషం ఆగరా బాబూ," అంటూ సెంతో సీసా కోసం చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి ఇంకో జానెడు ముందుకొస్తే గుట్టు రట్టయ్యేది. గాస్పర్ బొటనవేలు బొత్తాం నొక్కింది. సైకిలు ముందుకు దూకింది. "ఒరే గాస్పర్!" అన్న కేక వెనక నుంచి వినిపించింది. అతను తిరిగి చూడలేదు. భయంలో బొత్తాం వదలడం కూడా మర్చిపోయి, ఇద్దర్ని దాటాడు, ఇంకో అయిదుగుర్ని దాటాడు, మూడోవాడిగా పైకి చేరాడు.

హోటల్ ముందు గోలే గోల. సంఘం అధ్యక్షుడు రెమిజి, నలభై దాటని మనిషి, పరుగున వచ్చి వాటేసుకున్నాడు.

"గాస్పర్ బాబాయ్! ఏం తింటున్నావు నువ్వు? మాకూ చెప్పు!"

"వచ్చే వారం నుంచి బాబాయ్ మాతోనే, ఇంకా ముందుకు, మొరైరా ఊరి దాకా!" అన్నాడు ఇంకో కుర్రాడు.

బల్ల మొదట్లో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. రమ్ము మండించి పోసిన కాఫీ ముందు అతనికే ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఎవరూ అతన్ని ఇంత మెచ్చుకోలేదు. సంతోషించాడు కూడా, అబద్ధమెందుకు? చాలాసేపటికి బయట చప్పట్లు మోగాయి. సెంతో వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు, పిట్టగోడ మీద కూలబడ్డాడు. గాస్పర్ లేచి బయటికి వెళ్ళాడు.

సెంతో తన సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. అది నిండుగానే ఉంది.

"నీ దగ్గర ఉన్నాయిగా!" అన్నాడు గాస్పర్.

"ఉన్నాయి. దాహమేసి అడగలేదురా. అడిగితే ఆగుతావని అడిగా. నా ఎడమ కన్ను పోతోంది. డాక్టరు సైకిలు మానెయ్యమన్నాడు. ఎల్లుండి మా అమ్మాయి నన్ను అలకాంత్‌లో తన ఇంటికి తీసుకుపోతోంది, అక్కడే ఉండడానికి. ఆ సంగతి నీకొక్కడికే చెప్పి, ఆఖరిసారి ఇద్దరం కలిసి ఎక్కుదామనుకున్నా."

గాస్పర్ అతని పక్కన పిట్టగోడ మీద కూర్చున్నాడు. "అది సీసా కాదురా," అన్నాడు. "బ్యాటరీ. మోటారు పెట్టించా."

"తెలుసు. ఊరు దాటగానే నువ్వోసారి నొక్కి చూసుకున్నావు, జుమ్మని వినబడింది. పోతున్నది కన్ను, చెవులు కాదు."

"మరి అడగలేదేం?"

"నాతో ఇంకో నాలుగేళ్ళు తొక్కడానికి పెట్టించుకున్నావనుకున్నానురా. సంబరపడ్డా కూడా."

గాస్పర్‌కి ఏడుపొచ్చింది. అతను భయపడింది బల్ల పోతుందని. ఆ బల్ల దగ్గర తన పక్కన కూర్చునేదెవరో ఒక్కసారీ ఆలోచించలేదు. సెంతో కూతురి వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరూ కలిసి సెంతో సైకిలు అందులోకి ఎక్కించారు. "నేనూ నీతో ఊరిదాకా వస్తా," అన్నాడు గాస్పర్.

"వద్దులే. లోపల నీ కాఫీ చల్లారిపోద్ది. ఎవరికీ చెప్పన్లే, భయపడకు," అని సెంతో అతని భుజం తట్టి ఎక్కేశాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే గాస్పర్ తట్టుకునేవాడు. వ్యాను కొండ దిగిపోయింది.

లోపల్నుంచి రెమిజి కేకేశాడు. "రా బాబాయ్, నీ కోసమే ఆగాం!" కుర్రాళ్ళంతా కుర్చీలు జరిపి దారిచ్చారు. ఒకడు బాబాయ్ అన్నాడు, ఒకడు పెద్దాయనా అన్నాడు, ఒకడు గాస్పర్ గారూ అని వేరుశెనక్కాయల గిన్నె ముందుకు తోశాడు. గాస్పర్ కూర్చున్నాడు. వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. తనను ఒరే అని పిలిచేవాడు అక్కడ ఒక్కడూ లేడు.