తమ్ముడి మధ్యాహ్నాలు

తమ్ముడు ఏదో దాస్తున్నాడని అక్కకి ముందు ముక్కే చెప్పింది. మంగళవారం మధ్యాహ్నం అలా గాలికి తిరిగొస్తానని ఆటోలో వెళ్ళినవాడు పొద్దు వాలాక వచ్చాడు. చక్రాల కుర్చీని గడప దాటించడానికి వంగితే వాడి మెడ దగ్గర బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. జుట్టు ఇంకా తడిగా ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. మోచేతులు గీరుకుపోయాయి.

"ఎక్కడికెళ్ళావురా?"

"చెప్పాగా, గాలికి."

"ఏం గాలిరా అది, ఆసుపత్రి నేల కడిగిన వాసనొస్తోంది?"

"రోడ్లు కడుగుతున్నార్లే. తినడానికేమైనా పెట్టు."

పెట్టింది. ఖాళీ చేసి మళ్ళీ పెట్టమన్నాడు. మూడేళ్ళ క్రితం కరెంటు పని చేస్తూ కడుతున్న మేడ మీంచి పడి నడుం కింద చచ్చుబడిపోయినప్పటి నుంచి, కంచం ముందు పెడితే పక్కకి తోసేసే మనిషి వాడు. అలాంటివాడు ఆవురావురుమంటూ తింటుంటే ఏ అక్కకైనా కడుపు నిండాలి. ఈ అక్కకి మాత్రం గుండెలో రాయి పడింది.

ఆవిడ అనుమానం ఊరికే పుట్టింది కాదు. వాడు పడిన కొత్తలో ఒక సేవాసంఘం వాళ్ళు వచ్చి, స్టేజీ ఎక్కించి, దండ వేసి, తళతళలాడే కొత్త కుర్చీలో కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. మర్నాడు పొద్దున్నే వచ్చి, అది చూపించడానికి తెచ్చిందని చెప్పి ఆ కుర్చీ పట్టుకుపోయారు. అప్పటి నుంచి నవ్వు మొహంతో గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆవిడ కుట్టుమిషను ఆపేసి ప్రశ్నలు మొదలుపెట్టేది. బొమ్మలు వేయడం నేర్పుతానని వచ్చినావిడ మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. చదరంగం ఆడదాం రమ్మన్న పెద్దమనిషిని "మీకు మా వాడే ఎందుకు కావాల్సొచ్చాడు?" అని నిలదీస్తే ఆయన మళ్ళీ ఆ వీధిలో కనిపించలేదు.

శుక్రవారం కూడా అదే వరస. అదే వాసన, అదే ఆకలి. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ మాటల మధ్యలో, "ఇలాంటివాళ్ళని తీసుకెళ్ళి కూడళ్ళలో కూర్చోబెట్టి అడుక్కునేలా చేసేవాళ్ళున్నారట, జాగ్రత్త" అంది. అక్క వేలికి సూది గుచ్చుకుంది.

ఆటో తోలేవాణ్ణి పట్టుకుంది. అతనికి అబద్ధమాడాల్సి వస్తే ఈల వేయడం అలవాటు. అందుకే వీధిలో అందరూ ఈలల డ్రైవరంటారు.

"మా వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"పార్కుకి అక్కా."

"పార్కులో తల తడుస్తుందా?"

"ఫౌంటెన్ ఉందిగా అక్కా."

"అది పాడై ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు?"

అతను ఈల అందుకుని, ఆటో తిప్పుకుని జారుకున్నాడు.

తర్వాతి మంగళవారం తమ్ముడు బయల్దేరేటప్పుడు అక్క మిషను మీద నుంచి తలెత్తను కూడా లేదు. ఆటో మలుపు తిరగ్గానే చేతిలో బట్ట అక్కడే పడేసి, తలుపుకి తాళం వేసి, ఇంకో ఆటో ఎక్కింది.

"ఆ ముందు ఆటో వెనకే పోనీ."

డ్రైవరు అద్దంలో చూశాడు. "మీ ఆయనా?"

"తమ్ముడు."

"అమ్మాయి గొడవా?"

"ముందు రోడ్డు చూసి నడుపు."

ఎత్తైన గోడ ఉన్న ఒక భవనం దగ్గర ముందు ఆటో ఆగింది. పెద్ద గేటుకి తాళం, దానిమీద "మధ్యాహ్నం మూసి ఉండును" అన్న బోర్డు. మూసి ఉన్న చోటికి వీళ్ళకేం పని అనుకుంటుండగానే ఈలల డ్రైవరు కుర్చీ తోసుకుంటూ గోడ చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి లోపలికెళ్ళాడు. దొంగదారి! అక్క వెనకే వెళ్ళింది. ఆ గుమ్మం దగ్గర మెట్లు లేవు, కొత్తగా పోసిన సిమెంటు వాలు ఉంది. తలుపు సందులోంచి తొంగి చూసింది.

లోపల పెద్ద ఈతకొలను. ఒక ముసలాయన తెల్లకర్ర గట్టున పెట్టి, కమ్మీ పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు. ఒడ్డున బట్టతల, బానపొట్ట, మెడలో విజిలు ఉన్న మనిషి. ఇనప స్తంభానికి వేలాడే కుర్చీలో చొక్కా లేకుండా, బెల్టుతో కట్టేసి ఉన్నాడు తమ్ముడు. పడిపోయాక వాడు పరాయివాళ్ళ ముందు చొక్కా విప్పిన పాపాన పోలేదు. ఆ మనిషి పిడి తిప్పితే కుర్చీ నీళ్ళలోకి దిగింది. అతనూ దిగి, బెల్టు విప్పి, తమ్ముణ్ణి బోర్లా తిప్పి, చేతులు తీసేశాడు.

తమ్ముడి తల మునిగిపోయింది. ఆ మనిషి కదలకుండా చూస్తున్నాడు.

"చంపేస్తున్నాడో!" అని అరుస్తూ అక్క లోపలికి పరుగెత్తింది. తడి గచ్చు మీద చెప్పు జారింది. కేక సగంలో ఉండగానే నీళ్ళలో పడింది.

నోట్లోకి, ముక్కులోకి నీళ్ళు. చేతికేమీ దొరకదు. చెవుల్లో హోరు. ఇక అయిపోయిందనుకుంది. ఆ హోరులో తమ్ముడి గొంతు వినబడింది.

"అక్కా, నిలబడు! నీకు కాళ్ళున్నాయే, నిలబడు!"

నిలబడింది. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి, అంతే.

కళ్ళు కనిపించని ముసలాయన అటువైపు చెవి తిప్పి, "ఎవరో కొత్తగా చేరినట్టున్నారు" అన్నాడు. తమ్ముడు నీళ్ళమీద వెల్లకిలా తేలుతూ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! కానీ అక్కకి ముందు తేల్చాల్సిన లెక్క వేరే ఉంది.

"మా వాడి తల ఎందుకు ముంచావు?" జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే అడిగింది.

"నేను ముంచలేదమ్మా," అన్నాడు ఈత మాస్టారు. "బోర్లా పడితే తనంతట తనే వెల్లకిలా తిరగాలి. అది రాకుండా లోతుకి పంపను. నా చెయ్యి జానెడు దూరంలోనే ఉంది."

"జానెడు కాదు, మూరెడు. నేను చూశాను."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"దొంగల్లా వెనక గుమ్మంలోంచి రావడమేంటి?"

"ముందంతా మెట్లేనమ్మా. ఈ వాలు నేనే పోయించాను. మధ్యాహ్నమైతే వీళ్ళని వింతగా చూసేవాళ్ళుండరు."

"ఇందులో మీకేంటి లాభం?"

"పొద్దున్నా సాయంత్రం పిల్లలకి నేర్పుతాను. అమ్మానాన్నలు తోస్తే ఏడుస్తూ దిగుతారు. వీళ్ళు కావాలని వస్తారు. నాకూ నా పని మీద సరదా ఉండాలి కదా."

జవాబు మరీ నున్నగా ఉందనిపించింది ఆవిడకి. "ఫోటోలు తీస్తారా?"

ఈసారి తమ్ముడే అందుకున్నాడు. "ఇక్కడి యజమాని అడిగాడు. వద్దన్నాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదిన రోజు నేనే తీయించుకుంటానన్నాను."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క బట్టలు నీళ్ళోడుతున్నాయి. ఈలల డ్రైవరు ఈల వేయకుండా బుద్ధిగా నడుపుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఆయన్ని బోనెక్కిస్తావు. ఎంతమంది ఈత మాస్టార్లకి ఫోను చేశానో తెలుసా? రండి రండి అన్నవాళ్ళే, కుర్చీలో వస్తాను, మెట్లున్నాయా అంటే పెట్టేశారు. ఈయనొక్కడే నీ కుర్చీ వెడల్పెంత అని అడిగాడు."

"తియ్యగా మాట్లాడేవాళ్ళని మనం చూడలేదా?"

"ఆ స్టేజీ మీద కూర్చుంది నేను కదే. నీకంటే నాకే ఎక్కువ అనుమానం. మొదట్లో నీళ్ళలోకి దిగనేలేదు. గట్టున కూర్చుని, ఆ ముసలాయనతో ఎలా ఉంటాడో చూశాను. ఆయనకి కనబడదు కదా, కనబడనివాడి దగ్గర మనిషి ఎలా ఉంటాడో చూద్దామని. ఎవరు మంచివాడో కనుక్కునే పని ఒక్కటైనా నాకు వదిలెయ్యవే," అన్నాడు.

అక్కకి ఆ మాట ఎక్కడో తగిలింది.

శుక్రవారం ఆవిడ వెళ్ళలేదు. మిషను ముందే కూర్చుని ఒక చొక్కాకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. ఆ తర్వాతి వారం తమ్ముడే, "వస్తావా? అరవనంటేనే" అన్నాడు. వెళ్ళి గట్టున కూర్చుంది. మాస్టారి చెయ్యి మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయన కూడా ఆవిడ వైపు ఓ కన్నేసి, చెయ్యి కాస్త దగ్గరికి జరిపాడు.

వానలు వెళ్ళిపోయే రోజుల్లో తమ్ముడు గట్టు నుంచి గట్టుకి ఈదాడు. మధ్యలో ఒకసారి బోర్లా తిరిగాడు. అక్క లేచి నిలబడింది కానీ నోరు తెరవలేదు. వాడే వెల్లకిలా తిరిగి, ఊపిరి తీసుకుని, చేతుల్తో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళి గోడ తాకాడు.

"మాస్టారూ, ఇప్పుడు తియ్యండి ఫోటో!"

తీశాక అక్క ఆ ఫోను లాక్కుని చూసింది. భుజాలు, నీటి తుంపరలు, వాడి మొహం. "ఇది మా వాడు ఒప్పుకోకుండా ఎవరికీ పంపరుగా?" అని అడిగాకే తిరిగిచ్చింది.

అప్పుడే వెనక గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. పక్కన చంకకర్రల మీద కూతురు. లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక, పిల్ల భుజం గట్టిగా పట్టుకుని అందరి మొహాలూ పరికిస్తోంది.

"ఈయన్ని నమ్మొచ్చంటారా?" అని అక్కని గుసగుసగా అడిగింది.

"నమ్మకండి," అంది అక్క పక్కకి జరిగి చోటిస్తూ. "కూర్చుని చూడండి. దిగాలో వద్దో పాప చెప్తుంది."