పిట్ట ఏ మూల కూసింది?

వీర్రాజుకి హోమ్ థియేటర్ కొనాలన్న కోరిక సినిమాల మీద మోజుతో పుట్టలేదు. పక్కింటి పోతమ్మ నోట్లోంచి పుట్టింది.

"ఏటే నాగమణీ, మీ ఇంట్లో టీవీ ఉండగా మాకింకో టీవీ ఎందుకే? గోడకి కుర్చీ ఆన్చుకుని కూకుంటే సాలు, సీరియలంతా అయిపోతంది!" అని మల్కాపురంలో ఆ సందు సందంతా వినేలా అందామె. వినాల్సినవాడికే వినపడలేదు. అతని పెళ్ళాం నాగమణి లోపలికొచ్చి, రిమోట్ లాక్కుని, మొగుడి మొహంలో మొహం పెట్టి మళ్ళీ చెప్పింది. "సౌండైనా తగ్గించు, సెవులైనా సూపించుకో!"

చెవుల మాట ఎత్తితే చాలు, వీర్రాజు గుండె జారిపోతుంది. గాజువాక అవతల రోలింగ్ మిల్లులో పంతొమ్మిదేళ్ళుగా క్రేన్ నడుపుతున్నాడతను. షెడ్డు కప్పు కింద పట్టాల మీద తిరిగే క్రేన్. ఆ పంతొమ్మిదేళ్ళ మోత చెవుల్ని కాస్త కాస్తగా కొరుక్కు తినేసింది. లావు శబ్దాలు ఉన్నాయి, సన్నవి పోయాయి. కుక్కర్ ఈల పోయింది, సెల్లు మోగడం పోయింది, పిట్టల కూత పోయింది. ఏడాదికోసారి కంపెనీ డాక్టరు "బాగా వినబడుతోందా?" అంటే ఆయన పెదాలకేసి చూసి "బెమ్మాండంగా" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఏడాది గడిచిపోయేది. నిజం చెబితే క్రేన్ మీంచి దింపేసి చేతికి చీపురిస్తారు. పైనుంచి అందరికీ బరువులు దించేవాడు, తనే ఒక బరువై దిగాలి.

దీంట్లో ఒక ముల్లుంది. క్రేన్ కొక్కేనికి ఇనుప కట్టలు తగిలించేవాడు కింద నిలబడి చేత్తో సైగ చేస్తాడు. ఆవిరో దుమ్మో కమ్మి చెయ్యి కనపడకపోతే ఈలేస్తాడు. ఈల వినపడితే కట్ట గాల్లోనే ఆగాలి. ఆ కింద నిలబడేవాడు ఎవడో పరాయివాడు కాదు, నాగమణి తమ్ముడు సాయిశంకర్. కళ్ళున్నంత కాలం ఈలతో పనేముందని వీర్రాజు తనకి తానే చెవిలో పువ్వు పెట్టుకుంటూ వచ్చాడు.

పోతమ్మ పుణ్యమాని ఇప్పుడతనికో ఉపాయం తట్టింది. టీవీ గట్టిగా పెట్టుకున్నవాణ్ణి చెవిటోడంటారు. హోమ్ థియేటర్ గట్టిగా పెట్టుకున్నవాణ్ణి షోకిలా అంటారు. మోత అదే, పేరే వేరు. ఇరవై వేలు పక్కన పెట్టాడు. ఆదివారం పొద్దున్నే, సినిమాల పిచ్చి ముదిరిన సాయిశంకర్‌ని వెంటేసుకుని డాబాగార్డెన్స్‌లో స్పీకర్ల షాపుకి బయల్దేరాడు.

షాపాయన దేవీప్రసాద్‌ది గోదావరి జిల్లా. మాటకో "అండీ" తగిలిస్తాడు, ధరకో సున్నా.

"హోమ్ థియేటర్ కాదండీ ఇది, హోమం థియేటర్. ఎంత పోసినా ఇంకా పొయ్యమంటుంది. అంచేత ముందు బడ్జెట్ చెప్పండి, ఆ తర్వాతే బడాయి."

"ఇరవై," అన్నాడు సాయిశంకర్. "మా బావ సౌండు పార్టీ కాదు గానీ, సౌండంటే పడి సస్తాడు."

"ఇరవైకి మంచిదే వస్తుందండి. గదెంత?"

"పదీ పన్నెండు అడుగులు," అన్నాడు సాయిశంకరే.

"అయితే ఈ ఏనుగు పెట్టెలొద్దండి. పది పన్నెండు గదిలో సబ్ వూఫర్ పెద్దదైతే సబ్ కో ఊపేస్తుంది, గోడలతో సహా. మీకు కావలసింది ఈ నడిమి స్పీకరండి. సినిమాలో మాటలన్నీ దీంట్లోంచే వస్తాయి. దీని మీద పొదుపు చేశారా, హీరో గుండ్రాయి నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టే."

మూడు రకాలు మార్చి మార్చి వినిపించాడు. వీర్రాజుకి మూడూ ఒక్కలాగే ఉన్నాయి. అందుకని మిల్లులో బేరింగ్ పాడయిందో లేదో తెలుసుకునే పద్ధతే ఇక్కడా అందుకున్నాడు. లేచి వెళ్ళి ఒక్కో పెట్టె మీద అరచెయ్యి ఆన్చాడు. మూడోది చేతిలో జోరుగా అదిరింది.

"ఇదే," అన్నాడు.

"అదండీ, అన్నిట్లోకీ డొక్కుదండి," అన్నాడు దేవీప్రసాద్ నొచ్చుకుంటూ. "పెట్టె అదిరిందంటే మాట చెదిరిందన్నమాట. ఉండండి, పిట్టతో తేల్చేద్దాం."

ఆ పిట్ట, స్పీకర్లు పరీక్షించడానికి ఆయన దగ్గరున్న సౌండు ముక్క. అడవిలో ఒక పిట్ట ఒక్కో స్పీకర్ మీద వాలి కూస్తుంది. కళ్ళు మూసుకుని అది ఏ మూల కూసిందో వేలితో చూపించాలి.

బావా బావమరిదీ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. వీర్రాజు కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి పక్కవాడి వేలు చూశాడు. అది కుడివైపు లేచింది. తనూ కుడివైపు చూపించాడు. ఎడమవైపు లేచింది. తనూ ఎడమే.

"సెబాసండీ! చెవులంటే మీవండీ!"

ఆ మాట వినబడి వీర్రాజు పొంగిపోయాడు. లావు గొంతు కదా.

సాయిశంకర్ ఓరకంటితో చూశాడు. బావ వేలు తన వేలికంటే అర క్షణం వెనక వస్తోంది. దొంగ బావ, కాపీ కొడుతున్నాడు! బావని ఏడిపించే అవకాశం దొరికితే వదిలే బావమరిది ఉత్తరాంధ్రలో ఇంకా పుట్టలేదు. పిట్ట ఎదురుగా కూస్తే వాడు వేలు వెనక్కి తిప్పాడు. వీర్రాజు వేలూ వెనక్కి తిరిగింది. నవ్వాపుకోలేక, స్పీకరే లేని మూలకి, అక్కడున్న మంచినీళ్ళ క్యాన్‌కి గురిపెట్టాడు. వీర్రాజు కూడా మంచినీళ్ళ క్యాన్ వైపే చూపించాడు, ఎంతో నమ్మకంగా.

"ఏటి బావా, పిట్టకి దాహమేసిందేటి?" అని సాయిశంకర్ పగలబడి నవ్వాడు.

దేవీప్రసాద్ నవ్వలేదు. రిమోట్ నొక్కి పిట్టని ఆపేశాడు. షాపంతా నిశ్శబ్దమైంది. వీర్రాజు వేలు ఇంకా క్యాన్ వైపే ఉంది.

సాయిశంకర్ నవ్వు సగంలో తెగింది. కాసేపు ఆ వేలినే చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి చాచి దాన్ని కిందికి దించాడు.

"మళ్ళీ వస్తామండి," అని వాడే చెప్పి బావని బయటికి తీసుకొచ్చాడు.

బయట ఆటోలు రొద పెడుతున్నాయి. సాయిశంకర్ ఎదురుగా నిలబడి మాట్లాడాడు. అందుకే వీర్రాజుకి ప్రతి అక్షరం అందింది, పెదాల మీద.

"మొన్న బుధవారం ఆవిరి లేసింది కదా బావా. నాను మూడు పాలి ఈలేసినాను. కట్ట ఆగనేదు. పక్కకి దుంకీసినాను. నువ్వు కావాలనే బెదరగొట్టినావనుకున్నాను. కేంటీన్లో అందరికీ సెప్పి నవ్వించీసినాను కూడా."

వీర్రాజుకి ఆ కేంటీన్ నవ్వు గుర్తుంది. ఎందుకు నవ్వుతున్నారో తెలీక, తేడా రాకూడదని తనూ నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు.

"మీ అక్కకి సెప్పకురా," అన్నాడు. అన్నాక, ఇన్ని మాటల్లో ముందుగా నోటికొచ్చింది ఆ మాటేనా అని సిగ్గేసింది.

"ఎవులికీ సెప్పను. నీ ఉజ్జోగం నీది." సాయిశంకర్ బండి తాళం తీశాడు. "రేపు పొద్దుటి షిఫ్టే కదా మనది. నాను కిందే ఉంటాను."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు, అలగొచ్చు, ఆ అలకలో ఇంకో ఏడాది దొర్లించేయొచ్చు. వాడు మాత్రం షర్టు జేబు సర్దుకుంటూ, రేపు ఎప్పటిలాగే వచ్చి నిలబడతానంటున్నాడు. నలభై అడుగుల కింద ఆ నెత్తి ఎలా కనిపిస్తుందో వీర్రాజుకి బాగా తెలుసు. బొత్తాం అంత ఉంటుంది.

"బండి ఆపు," అన్నాడు. ఇంకా స్టార్టే చెయ్యలేదని తర్వాత తెలిసింది.

సెల్లు తీసి షిఫ్ట్ ఇన్‌చార్జి రమణమూర్తికి ఫోన్ కలిపాడు. స్పీకర్ నొక్కాడు. అటు ఎత్తారో లేదో తెలియక, తెర మీద సెకన్ల అంకెలు కదలడం చూసి మాట్లాడేశాడు.

"సార్, వీర్రాజుని. రేపట్నుంచి నాను క్రేన్ ఎక్కను. నాకు ఈల వినపడతల్లేదు. ఈల సార్, ఈల. కట్టలు తగిలించినోడి ఈల."

అటునుంచి ఏదో గొంతు వచ్చింది. రొదలో కలిసిపోయింది. వీర్రాజు ఫోన్‌ని చెవికి నొక్కాడు, తీసి చూశాడు, మళ్ళీ నొక్కాడు. చివరికి సాయిశంకర్ ముందు పట్టాడు.

సాయిశంకర్ వంగి విన్నాడు. తలెత్తి, పెదాలు బాగా కదుపుతూ అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతన్నారు."

వీర్రాజు ఆరు నెలలు అందామనుకున్నాడు.

"రెండేళ్ళు," అన్నాడు.

సాయిశంకర్, ఆ రెండేళ్ళలో ఎన్ని షిఫ్టులు, ఎన్ని కట్టలు అని లెక్కేసుకుంటున్నట్టు బావ మొహంలోకి చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయో, ఎండ పడిందో వీర్రాజుకి తెలియలేదు.

"రెండేళ్ళంట సార్," అన్నాడు చివరికి.

అటునుంచి మళ్ళీ ఏదో అడిగారు. ఈసారి వాడు బావకి చెప్పలేదు. తనే జవాబిచ్చాడు. ఆ పెదాలు కదలడం చూసి వీర్రాజు చదువుకున్నాడు.

"నాను సార్, సాయిశంకర్ని. కింద నిలబడేవోణ్ణి."