మూడు ఆలస్యాలు

మా నర్సు నవత సిస్టర్‌కు మూడు వేళ్ళ పిచ్చి. భద్రాచలంలో ఏదో ట్రైనింగుకు వెళ్ళొచ్చినప్పటి నుంచి ఎవరే కష్టం చెప్పినా మూడు వేళ్ళు మన ముఖం మీదికి తెస్తుంది. నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, దవాఖానాలో ఆలస్యం. గర్భిణుల ప్రాణాలు పోయేది ఈ మూడింట్లోనేనట. అక్కడితో ఆగితే బాగుండు. నా తమ్ముడికి పిల్ల దొరకడం లేదంటే, "ఏ ఆలస్యంల ఇరుక్కుందో చూడు సోమ్లన్నా" అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఉన్నమాట చెప్పాలి, ఆ వేళ్ళతోనే ఈ అడవి ఊళ్ళలో ఎందరినో గట్టెక్కించింది.

ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి ట్రాక్టర్ తెమ్మంది. వాగు అవతలి ఊళ్ళో శ్యామలకు నెలలు నిండాయి. కాళ్ళూ ముఖమూ వాచాయి, బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరంది. అంబులెన్స్ వాగు ఇవతలే ఆగిపోతుంది. పైన కొండల్లో వాన దంచుతోంది. వాగు పొంగేలోపే ఆ పిల్లను దాటించాలి.

తీరా వెళ్తే ఊరి పొలిమేరలో వేపాకుల తాడు అడ్డంగా కట్టి ఉంది. దేవర పండుగ. కట్టు కట్టాక పండుగ ముగిసేదాకా లోపలివాళ్ళు బయటికి రారు, బయటివాళ్ళు లోపలికి పోరు. కట్టినవాడు శ్యామల మామ బొజ్జయ్యే. తాడుకు లోపలి పక్క ఆయన నిలబడ్డాడు, పక్కన రాయి మీద కోడలు తల పట్టుకుని కూర్చుంది.

"మొదటి ఆలస్యం గిదే" అని గొణిగి సిస్టర్ ఒక వేలు పట్టుకుంది. "తాతా, పిల్లను పంపు. పానం మీదికొచ్చింది."

"నువ్వడిగితే ఇప్పేది కాదు బిడ్డా."

ఆమె వదల్లేదు. కొత్తగూడెంలో కూలికి పోయిన శ్యామల మొగుడు రాజేష్‌కు ఫోన్ కలిపింది. "మా నాయన ఎట్లంటే గట్లనే సిస్టర్" అన్నాడు వాడు. మొగుడంటే అలా ఉండాలి మరి! డాక్టరుతో మాట్లాడించింది. బొజ్జయ్య అన్నీ విన్నాడు. ప్రతిసారీ అదే మాట, "వాళ్ళడిగితే ఇప్పేది కాదు."

వెనక వాగు చప్పుడు పెరుగుతోంది. వెళ్ళి చూసొచ్చాను. నీళ్ళు ఎర్రబడ్డాయి, కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. నాకు భయమేసింది. "నువ్వు మనిషివా, రాయివా?" అని అరిచాను ముసలాయన మీద. ఆయన నావైపు చూడలేదు. కోడలి ముఖంలోకే చూస్తున్నాడు.

శ్యామల ఒకసారి ఏదో అనబోయింది. "నువ్వు మాట్లాడకు తల్లీ, అలిసిపోతవ్. నేను మాట్లాడుతున్న కదా" అని సిస్టరే ఆపింది, ప్రేమగానే.

చివరికి సిస్టర్ గొంతు పోయింది. నేల మీద కూలబడి ఏడ్చింది. ఎవరూ మాట్లాడని ఆ కాసేపట్లో శ్యామల తాడు కట్టిన గుంజ పట్టుకుని లేచింది.

"మామా, నేను పోత."

ఆ మాట పూర్తికాకముందే బొజ్జయ్య ముడి విప్పేశాడు. "దాటేటోళ్ళే నోరిప్పి అడగాలె. ఒకల బదులు ఇంకొకలు అడగరాదు. పొద్దటి సంది గీ మాట కోసమే చూస్తున్న."

"మరి గా ముక్క చెప్పొద్దా?" అన్నాను. కొట్టాలన్నంత కోపం వచ్చింది.

"చెప్పి అనిపిస్తే ఆమె మాటెట్లయితది?" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. శ్యామల నిరుడు ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఆ కట్టుబాటు ఆమెకు తెలియదు.

"పొద్దున్నే పోదామనుకున్న అక్కా" అంది శ్యామల ట్రాలీ ఎక్కుతూ. "పెద్దోళ్ళు మాట్లాడుతున్నరు కదాని ఊకున్న." సిస్టర్ తన వేళ్ళ వైపు చూసుకుని, చేయి కొంగులో దాచుకుంది.

వాగు దగ్గరికి వచ్చేసరికి దారి కనబడలేదు. దిగితే ముందు చక్రాలు మునిగాయి, ఇంజన్ దగ్గింది. వెనక్కి లాగాను. మబ్బు పట్టినా ఇంకా మధ్యాహ్నమే. అవతలి ఒడ్డున అంబులెన్స్ తెల్లగా, స్పష్టంగా కనబడుతోంది. దాని పక్కన నిలబడ్డ మనిషి మాకు చేయి ఊపుతున్నాడు.

"అన్నా, లైటెయ్యరాదే. చీకటి పడ్డది" అంది శ్యామల.

సిస్టర్ నా భుజం గట్టిగా పట్టుకుంది. "బీపీ కండ్లకెక్కింది సోమ్లన్నా. ఇగ ఫిట్సే" అంది చెవిలో.

నేను లైటు వేశాను. నీళ్ళ మీద పసుపు వెలుగు పడింది.

"వెయ్యన్నా" అంది శ్యామల మళ్ళీ.