నాలుగింటి దగ్గర ఆగిన తీగ

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ చివర కూర్చుంటే ఎలా, నాకు గొంతు చించుకునే ఓపిక లేదు. చెప్పులు గుమ్మం బయట పెట్టండి. సర్దుకున్నారా? మధ్యలో ఎవడైనా లేచాడంటే కథ అక్కడే వదిలేస్తాను, మీ ఇష్టం.

ఒక ఊళ్లో స్క్రూల బాబాయి అని ఒకాయన ఉండేవాడు. కుట్టు మిషను, సైకిలు, హార్మోనియం, ఏది మొరాయించినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. నడుస్తుంటే జేబుల్లో స్క్రూలు గలగలలాడేవి. నలభై ఏళ్లలో ఒక్కరికి కూడా "నా వల్ల కాదు" అని చెప్పి ఎరగడు.

ఆయన స్నేహితుడు గిటారు పెద్దాయన. అదే వీధిలో మేడమీద ఉండేవాడు. ఆయనది ఒళ్లో పెట్టుకునే గిటారు కాదు. బల్లలాగా నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. పైన పది తీగలు, కింద కాలితో తొక్కే పెడల్స్. పెడల్ తొక్కితే అడుగునున్న కడ్డీ లాగుతుంది. తీగ బిగుస్తుంది, స్వరం జారుతూ పైకెక్కుతుంది. కాలు తీస్తే మళ్లీ జారుతూ తన చోటికి దిగుతుంది. రోజూ నాలుగింటికి పెద్దాయన వాయించేవాడు. ఆఖర్న స్వరాన్ని పైన నిలబెట్టి మెల్లిగా కాలు తీసేవాడు. స్వరం దిగేది, దాంతోపాటే పొద్దూ దిగేది. ఊరందరికీ అలవాటే, ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు.

పెద్దాయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు ఒకరోజు మూడింటికి వచ్చి చూసి, గుమ్మం బయటికొచ్చాక కూతురితో, "ఈ సాయంత్రం దాటరమ్మా" అన్నాడు. అయినా నాలుగయ్యేసరికి పెద్దాయన ఊరుకోలేదు. కూతురు పట్టుకుని కూర్చోబెడితే వాయించాడు. కాలు తీశాడు.

స్వరం దిగలేదు. తీగని లాగే మర పైకెళ్లిన చోటే బిగుసుకుపోయింది. పొద్దు కూడా అక్కడే నిలబడిపోయింది.

ఇక ఊళ్లో జనం రోజులు మానేసి నిద్రలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవాళ్లు. లేచి చూస్తే మళ్లీ నాలుగే. బళ్లో ఆఖరి గంట కొట్టలేదు పాపం, పిల్లలు అదే పీరియడ్‌లో ఉండిపోయారు. అది లెక్కల పీరియడ్. నవ్వకండి, ఆ మాస్టారి సంగతి కూడా ఆలోచించండి.

పదకొండో నిద్ర అయ్యాక, పెద్దాయన పక్కింట్లో ఉండే నర్సు బాబాయి రిపేరు కొట్టుకి వచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"నా డ్యూటీ నాలుగున్నరకి దిగుతుంది బాబాయ్. పదకొండు నిద్రలయింది, వార్డులో కుర్చీలోనే కునుకు తీస్తున్నా."

"అందుకు నేనేం చెయ్యనమ్మా?"

"నేను అడగట్లేదు. సూదిమందు ఇవ్వడానికి వెళ్తే, గిటారు బాగుచెయ్యడానికి రమ్మని పెద్దాయనే నీకు కబురు చెప్పమన్నారు. కూతురికి తెలీకుండా."

బాబాయి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కాడు. కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చూసి వెళ్లు బాబాయ్. సంచీ మాత్రం బయట పెట్టు."

"రానియ్యవే వాణ్ణి," లోపల్నుంచి పెద్దాయన గొంతు. "ఒరేయ్, ఊపిరి పైకెళ్లి అక్కడే కూర్చుంది. మిగతా సగం రావట్లేదు."

"మాటలకి మాత్రం లోటు లేదే."

"అవి నీలాంటివి. పిలవకపోయినా వస్తాయి."

బాబాయి నవ్వబోయాడు. పెద్దాయన పెదాలు నీలంగా ఉండటం చూసి ఆగిపోయాడు. గిటారు కిందికి దూరి వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. తీగల్ని లాగే మరల సందుల్లో పసుప్పచ్చని బంక పేరుకుపోయి ఉంది. వేలితో గీకి వాసన చూశాడు.

"ఇదేం నూనె?"

"వంట నూనె," అంది కూతురు. "నాన్నకి చేతులు వణుకుతున్నాయని నేనే వేశాను. ఏడాదిగా, ప్రతి ఆదివారం. ఒక గరిటెడు."

మిషను నూనె ఒక్క చుక్క చాలు అక్కడ. గరిటెడు వంట నూనె దుమ్ముతో కలిసి గడ్డకట్టింది. ఇంకెవరైనా అయితే బాబాయి చెడామడా తిట్టేవాడే.

"దాన్నేమీ అనకురా," అన్నాడు పెద్దాయన. "పదకొండు నిద్రలు ఎక్కువ బతికాను దాని గరిటె పుణ్యాన."

బాబాయి పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిల్లో ముంచి రుద్దడం మొదలుపెట్టాడు. తుడిచాడు, మళ్లీ రుద్దాడు. బాగానే ఉన్న స్క్రూలు కూడా విప్పి తుడిచి బిగించాడు. తొమ్మిది తీగల మరలు కదిలాయి. పదోది మిగిలింది.

కూతురు వంగి గుసగుసగా అంది. "నీ వల్ల కాదని చెప్పెయ్ బాబాయ్. ఎవరూ ఏమీ అనుకోరు."

చెప్పేద్దామనే నోరు తెరిచాడు. మంచం మీద ఆ సగం ఊపిరి గరగరమంది. బాబాయి నోరు మూసుకున్నాడు.

"మర వదిలేటప్పుడు తీగ విసురుగా దిగితే తెగిపోతుంది," అన్నాడు. "ఎవరో ఒకరు పెడల్ తొక్కి పట్టాలి."

"తెగితే పొద్దేమవుతుంది?"

"నాకు తెలీదమ్మా."

"నువ్వు కూర్చో తల్లీ," అన్నాడు పెద్దాయన.

ఆమె కూర్చుని పెడల్ తొక్కింది. బాబాయి మరని అటూ ఇటూ ఆడించాడు. టిక్కుమంది.

"వచ్చేసింది," అన్నాడు.

ఇక ఆ సాయంత్రాన్ని ఆపుతున్నది ఆమె కాలొక్కటే. ఆమె తియ్యలేదు. చాలాసేపు తియ్యలేదు. కింద పడుకున్న బాబాయికి ఆమె పాదమే కనిపిస్తోంది. వేళ్లు తెల్లబడ్డాయి. చీలమండ వణకడం మొదలైంది. ఇంకొంచెంలో జారిపోతుందనగా బాబాయి తన చెయ్యి కూడా ఆ పాదం మీద వేసి నొక్కాడు. ఎందుకు నొక్కాడో అడక్కండి.

"ఎంతసేపని పడతారర్రా ఇద్దరూ?" అన్నాడు పెద్దాయన. "మెల్లిగా తియ్యి. నేను తీసేటట్టు."

ముందు బాబాయి చెయ్యి తీశాడు. తర్వాత ఆమె కాలు పైకి లేపింది, వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత. స్వరం జారింది. మంచం కోడు మీది ఎండ కదిలి దుప్పటి దాటింది, గోడ మీదికెక్కింది. నిలబడిపోయిన ఊపిరి మొత్తం, పొడుగ్గా, బయటికొచ్చింది. దాని తర్వాతది రాలేదు.

"సరిగ్గా దిగిందా నాన్నా?" అంది కూతురు, తీగల మీదినుంచి చూపు తిప్పకుండా.



"దిగిందమ్మా," అన్నాడు బాబాయి కిందినుంచి. "సరిగ్గా దిగింది."

బాబాయి చాలాసేపు అక్కడినుంచి లేవలేదు.

అంతే. ఇక లేవండి. నువ్వేంట్రా, ముక్కు చొక్కాతో తుడుస్తావా? చెప్పులు ఎవరివి వాళ్లే తొడుక్కోండి. నేరుగా ఇళ్లకి పొండి, ఆటల్లో పడకుండా. అమ్మలు అన్నాలు వడ్డించి ఉంటారు, చల్లారకముందే తినండి.