దుబాసీ అక్కర్లేదు

ఆ మైకు కీచుమనకుండా ఎవరైనా సరిచేస్తే బాగుండు, అయినా తన వంతుకి ముందు ఇంకా ఒకరున్నారు కదా, ఈలోగా సర్దుకుంటుందిలే అనుకుంది ఆమె, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, వేదిక మీద సంస్థ కార్యదర్శి కొత్తవాళ్ళకి ఏదో చెబుతున్నాడు, పదిహేనుమంది, పాతికేళ్ళు దాటనివాళ్ళు, ఒళ్ళో మడత నలగని నోటు పుస్తకాలు, మొహాల్లో ఆ వెలుగు, పరాయి దేశం వెళ్ళి పల్లెటూరి వాళ్ళకి ఉచితంగా ఇంగ్లీషు చెప్పబోతున్నామన్న వెలుగు, మూడేళ్ళ కిందట తన మొహంలోనూ అదే ఉండి ఉంటుంది, అక్క మాత్రం మూతి ముడుచుకుంది, మన వీధి పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పవే అంటే తీరికుండదు గానీ సముద్రాలు దాటి పోతావేమే, ఇంట్లో ఈగల మోత బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా, తను నవ్వేసి పెట్టె సర్దుకుంది, తను పాఠాలు చెప్పే బడికి ఏడాది సెలవు పెట్టింది, ఎంత తేలికగా వెళ్ళిపోయింది, గాల్లో తేలుతున్నట్టు.

అక్కడ బడంటే ఒక్కటే గది, రేకుల కప్పు, వానొస్తే తన గొంతు తనకే వినపడేది కాదు, పగలు పిల్లలు, సాయంత్రం పెద్దలు, ఆ పెద్దల్లో ముందు బెంచీ ఎప్పుడూ కుట్టుమిషనావిడదే, ఊరంతా ఆవిడని అలాగే పిలిచేవారు, నలభై దాటిన మనిషి, జాకెట్టు అంచుకి గుచ్చిన సూదులు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసేది, చీకటి పడకముందే మిషను ఆపి, పదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని, వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ, ఎడమ చెయ్యి పొట్ట మీద ఒత్తిపెట్టుకుని తన భాషలో ఏదో అనడం, కూతురు వచ్చీరాని ఇంగ్లీషులో, టీచర్, అమ్మకి డాక్టర్ మాటలు కావాలంట, డాక్టర్ మాటలు ముందు చెప్పమంటోంది, తను పుస్తకం తిరగేసి చూపించేది, ఒంటి భాగాలు, జబ్బులు పదకొండో పాఠంలో వస్తాయమ్మా, మనం ఇంకా నాలుగులోనే ఉన్నాం, మెట్లెక్కకుండా మేడెక్కుతామా, ఆ పొట్ట మీది చెయ్యిని చూడలేదా అంటే చూసింది, రోజంతా మిషను తొక్కుతుంది కదా అలసటలే అనుకుంది, ఎంత బాగా అనుకోవచ్చో మనకి కావలసినట్టు, నాలుగో పాఠం పలకరింపులు, హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్ థాంక్యూ, ఇరవై గొంతులు ఒక్కసారిగా, అందరిలోకీ ఆవిడదే శుద్ధమైన ఉచ్చారణ, ముత్యాల్లాంటి మాటలు, తన గొప్పే అది, ఇంకెవరిది.

తర్వాత వైద్య శిబిరం, పై దేశం నుంచి ఇద్దరు డాక్టర్లు, బళ్ళోనే రెండు బల్లలు వేశారు, బారెడు వరస, అటూ ఇటూ మాటలు మార్చి చెప్పడానికి ఒక్క నర్సు, పాపం పొద్దుట్నుంచీ అరిచి ఆ పిల్ల గొంతు పోయింది, కుట్టుమిషనావిడ వంతు రాగానే నర్సు దగ్గరికొచ్చింది, అప్పుడు తను, ఎవరూ అడక్కుండానే, చెయ్యి అడ్డంపెట్టి, ఈవిడకి దుబాసీ అక్కర్లేదు, ఈవిడ నా స్టూడెంట్, అంది, ఎంత ధీమాగా అంది, నర్సు బతుకుజీవుడా అని రెండో బల్ల దగ్గరికి పోయింది, డాక్టరు తలెత్తి హౌ ఆర్ యూ అన్నాడు, ఆవిడ ఒక్కసారి తన వైపు చూసింది, ఆ చూపు, బాగా చెప్పనా అని అడుగుతోందనుకుంది తను, తలూపింది, నవ్వుతూ తలూపింది, ఆవిడ పొట్ట మీది చెయ్యి తీసి పక్కకి జార్చి నిటారుగా నిలబడి, ఐ యామ్ ఫైన్, థాంక్యూ, డాక్టరు మురిసిపోయాడు, తను చప్పట్లు కొట్టింది, తనని చూసి వరసంతా కొట్టింది, ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయి నోరు తెరిచి అక్కడే నిలబడింది, కానీ వెనకావిడ అప్పటికే బల్ల దగ్గరికి వచ్చేసింది, బలానికి ఇన్ని మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు, బయట గుమ్మం దగ్గర తను ఆవిడని గట్టిగా కౌగిలించుకుంది, సూది గుచ్చుకుని అబ్బా అంది, ఇద్దరూ నవ్వారు కూడా.

ఇంటికొచ్చిన ఏడు నెలలకి కూతురి ఉత్తరం, తను నేర్పిన పద్ధతిలోనే, ప్రియమైన టీచర్, నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను, మా అమ్మ కడుపులో గడ్డ, పట్నం ఆసుపత్రిలో ఆలస్యం అయిందన్నారు, అమ్మ పోయిన నెల చనిపోయింది, ఇప్పుడు మిషను నేను తొక్కుతున్నాను, క్యాంపు రోజున అమ్మకి చాలా నొప్పి, కానీ మీరు చూస్తున్నారు, అంతే, ఆ పిల్లకి వచ్చిన ఇంగ్లీషు అంతే, ఆ ఒక్క ముక్కలో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తెలియదు, ఆసుపత్రి అన్న మాటకి స్పెల్లింగు తప్పు రాసిందని మొదట తన కన్ను పోయింది అక్కడికే, ఛీ, ఏం మనిషి తను, జవాబు రాయబోయి నాలుగు కాయితాలు చింపింది, ఐదోది రాయలేదు, అక్కకి చెబితే అక్క ఈసారి ఏ సామెతా అనలేదు, మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది, అదే ఎక్కువ బాధ.

మేడమ్, మేడమ్, మిమ్మల్నే, అంటున్నారెవరో, లేచి వేదికెక్కింది, కార్యదర్శి, ఈమె మన సంస్థకే గర్వకారణం, అంటున్నాడు, చప్పట్లు, ఎప్పుడూ ఈ చప్పట్లే, జడలో పెన్ను దోపుకున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది, మేడమ్, వెళ్ళేలోపు మేం ఏం నేర్చుకోవాలండీ, ఏ గ్రామర్ పుస్తకం మంచిది, రాసి తెచ్చుకున్న కాయితంలో దానికి జవాబుంది, మూడు పుస్తకాల పేర్లు, కాయితం విప్పింది, చూపు ఆనలేదు, మైకులోకి అంది, పది నెలలున్నాను అక్కడ, నీళ్ళని ఏమంటారో తెలుసు, చాలు అనడం తెలుసు, రేపు రండి అనడం తెలుసు, ఆవిడ రోజూ సాయంత్రం పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అన్న మాట ఒకటుంది, రెండక్షరాలో మూడక్షరాలో, వందసార్లు విన్నాను, ఆ శబ్దం కోసం ఎంత తవ్వుకున్నా దొరకడంలేదు, దాని అర్థమేమిటి తల్లీ అని ఒక్కసారైనా అడగలేదు, వాళ్ళ భాషలో నొప్పిని ఏమంటారో నాకు ఇవాళ్టికీ తెలియదు.